పాత హోండా సిటీ విటెక్ ఇంజిన్: రేజ్ చేస్తే పోదు, నీళ్లతో పోతుంది

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వాళ్ల ఇంట్లో 2002 మోడల్ హోండా సిటీ 1.5 విటెక్ ఉంది. మీటరు 1,62,000 చూపిస్తోంది, 1.40 లక్షలు అడుగుతున్నారు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్‌లోంచి కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతోంది. మీ దేవరకొండ మిస్త్రీని అడిగితే "అది అల్యూమినియం ఇంజిన్, మన ఎండలకు ఆగది. ఐదు వేలు దాటిచ్చి రేజ్ చేస్తే పిస్టన్ పట్టేస్తది" అన్నాడట. ఇంజిన్ నమ్మొచ్చా అన్నా, అని నీ ప్రశ్న.

ఇంజిన్‌ని నమ్మొచ్చు. ఆ బండిని నమ్మొచ్చా లేదా అన్నది మాత్రం కొన్ని సంగతులు చూస్తే గానీ చెప్పలేను. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు, అందరూ కలిపేస్తారు. మీ మిస్త్రీ ఎండ గురించి చెప్పిన మాటలో సగం నిజం ఉంది. రేజింగ్ గురించి చెప్పింది మాత్రం తప్పు. నల్లగొండలో 27 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, నా సొంత బండి కూడా ఇదే ఇంజిన్, ఏపీ 24 నంబరుది. దాంతో నేను పడ్డ తిప్పలు కూడా కింద చెబుతాను.

ముందు ఈ ఇంజిన్ ఏంటో తెలుసుకో. 1998లో మన దేశంలో సిటీ వచ్చింది, 2000లో దానికి విటెక్ ఇంజిన్ పెట్టారు. 1493 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, పైన ఒకటే క్యామ్ షాఫ్ట్, అంటే వాల్వులను తెరిచే గుబ్బల కడ్డీ. బోర్ (సిలిండర్ వెడల్పు) 75 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 84.5. హోండా వాళ్ల డి సిరీస్ కుటుంబానికి చెందినది. 106 హార్స్‌పవర్. ఈ రోజు ఆ అంకె మామూలుగా కనిపిస్తుంది గానీ, అప్పట్లో మన రోడ్ల మీద ఉన్న కార్లలో చాలావాటికి అందులో సగమే ఉండేది. లీటరుకు 71 హార్స్‌పవర్, టర్బో లేకుండా. బండి బరువేమో టన్ను అటూ ఇటూ. అందుకే ఇప్పటికీ దాన్ని నడిపినవాడు దాని గురించి మాట్లాడటం ఆపడు. 2003 చివర్లో వచ్చిన కొత్త ఆకారం సిటీలో మైలేజీ కోసం 77 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టారు, అప్పటి నుంచి ఈ పాత బండి విలువ ఇంకా తెలిసొచ్చింది.

విటెక్ అంటే చాలామంది టర్బో లాంటిదేదో అనుకుంటారు. కాదు. ఒక్కో సిలిండర్‌కు గాలి లోపలికి వచ్చే వాల్వులు రెండు. వాటిని తొక్కే రాకర్ ఆర్మ్‌లు మాత్రం మూడు. పక్కనున్న రెండూ చిన్న గుబ్బల మీద నడుస్తాయి, వాల్వుని కొద్దిగా తెరుస్తాయి. మధ్యలో ఉన్న మూడోది పెద్ద గుబ్బ మీద ఊరికే ఊగుతూ ఉంటుంది, దానికి పనేమీ ఉండదు. ఇంజిన్ స్పీడు దాదాపు ఐదు వేల ఆర్పీఎం (నిమిషానికి ఐదు వేల చుట్లు) దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ఒక సోలినాయిడ్‌ని, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వుని తెరుస్తుంది. ఇంజిన్ ఆయిలే ఒత్తిడితో లోపలికి వెళ్లి ఒక చిన్న పిన్నును తోస్తుంది, మూడు రాకర్లూ తలుపు గొళ్లెం పడ్డట్టు ఒకటైపోతాయి. ఇక అప్పటి నుంచి పెద్ద గుబ్బ చెప్పినట్టే వాల్వులు తెరుచుకుంటాయి, ఎక్కువసేపు, ఎక్కువ లోతుగా. సైలెన్సర్ వాల్వుల (పొగను బయటికి పంపేవి) వైపు ఈ ఏర్పాటు లేదు. 1989లో జపాన్‌లో ఇంటెగ్రాకి పెట్టిన మొదటి విటెక్‌లో రెండు క్యామ్ షాఫ్ట్‌లు, రెండు వైపులా ఈ గొళ్లెం ఉండేది. 1.6 లీటర్లకు 160 హార్స్‌పవర్ వచ్చేది. మనదాన్ని దాని పేదింటి తమ్ముడు అనుకో, సామాను తక్కువ కాబట్టి చెడిపోయేవి కూడా తక్కువ.

ఇక్కడొక మాట. అమ్మేవాడు బండిని షెడ్డులో నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేసి "చూడు అన్నా, విటెక్ పడ్డది" అంటే నమ్మకు. బండి కదులుతూ ఉండాలి, ఇంజిన్ బాగా వేడెక్కి ఉండాలి, లోడ్ ఉండాలి, అప్పుడే కంప్యూటర్ ఒప్పుకుంటుంది. అద్దంకి రోడ్డు మీద ఖాళీ చోట మూడో గేరులో తొక్కి చూడు. ఐదు వేల దగ్గర గొంతు మారుతుంది, గరగరమనే శబ్దం కాస్తా బుసకొట్టినట్టు అవుతుంది. మారకపోతే సోలినాయిడ్ పోయిందని కంగారుపడి వెయ్యి మాటలు వినకు. ముందు ఆయిల్ గేజ్ తీసి చూడు. ఆయిల్ తక్కువైతే పిన్నును తోసే ఒత్తిడి రాదు. సోలినాయిడ్ కింద చిన్న జల్లెడ లాంటి గ్యాస్కెట్ ఉంటుంది, అది మడ్డితో మూసుకుపోయినా అంతే. పది మంది "విటెక్ పోయింది" అని వస్తే, ఏడెనిమిది మందికి ఈ రెండిట్లో ఒకటే కారణం.

రేజ్ చేస్తే పిస్టన్ పట్టేస్తుందా అన్నదానికి వద్దాం. స్ట్రోక్ 84.5 మిల్లీమీటర్లు కదా, ఏడు వేల ఆర్పీఎం దగ్గర లెక్క కడితే పిస్టన్ సగటున సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో పోతుంది. ఐదు వేల దగ్గర 14 మీటర్లే. ఇరవై మీటర్లంటే ఎక్కువే గానీ ఈ ఇంజిన్‌ని దానికోసమే కట్టారు. ఇంకా పైకి పోతే కంప్యూటరే పెట్రోల్ కట్ చేస్తుంది. ఆ కట్ నిన్ను కాపాడలేని సందర్భం ఒక్కటే ఉంది. ఐదో గేరులో వేగంగా పోతూ నాలుగోది వేయబోయి రెండోది వేశావనుకో, చక్రాలే ఇంజిన్‌ని లాక్కుపోతాయి, అక్కడ కంప్యూటర్ చేసేదేమీ ఉండదు. అది తప్పిస్తే, వేడెక్కిన ఇంజిన్‌ని, ఆయిల్ సరిగ్గా ఉన్న ఇంజిన్‌ని రోజూ ఒకసారి ఏడు వేల దాకా తొక్కితే మంచిదే అంటాను నేను. ఎప్పుడూ రెండు వేలు దాటించకుండా గడియారం సెంటర్ నుంచి బస్టాండ్ దాకా తిప్పే బండ్ల హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) విప్పితే వాల్వుల వెనకాల మసి అంగుళం పేరుకుని ఉంటుంది. అంగుళం అన్నది కోపంతో అన్న మాటే, కొలిచింది కాదు.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే తొక్కొద్దు, అంతే. ఒక్క నిమిషం ఆగి, మెల్లగా పోతూ, వేడి ముల్లు మధ్యకు వచ్చాక నీ ఇష్టం.

ఇక ఎండ. మీ మిస్త్రీ సగం నిజం చెప్పాడన్నది ఇక్కడే. బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే, సిలిండర్లలో ఇనప లైనర్లు (లోపలి తొడుగులు) ఉంటాయి. అల్యూమినియం వేడిని ఇనుము కన్నా చాలా త్వరగా బయటికి పంపిస్తుంది, కాబట్టి మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయినా ఈ ఇంజిన్‌కి ఏమీ కాదు. రేడియేటర్ బాగుండాలి, ఫ్యాన్ తిరగాలి, అంతే. కానీ వేడెక్కితే అల్యూమినియం ఇనుముకన్నా రెండింతలు సాగుతుంది. ఒక్కసారి నీళ్లు లేకుండా ముల్లు రెడ్డులోకి పోయిందా, హెడ్ వంకర పోతుంది. ఎంత వంకర అంటావేమో. 0.05 మిల్లీమీటరు దాటితే హెడ్‌ని లేత్ మీద సాపు చేయించాలి, 0.2 దాటితే ఆ హెడ్ పనికిరాదు. తల వెంట్రుక మందం 0.07 దాకా ఉంటుంది. వెంట్రుకంత వంకరకు వేల రూపాయల పని. కాబట్టి ఎండకు పోయే ఇంజిన్ కాదిది. నీళ్లకు పోయే ఇంజిన్.

మన దగ్గర నీళ్ల సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు అంటే పళ్లు, ఎముకలు గుర్తుకొస్తాయి. చాలామంది "ఫ్లోరైడ్ నీళ్లన్నా, రేడియేటర్ తినేస్తది" అంటారు. రేడియేటర్‌ని మూసేసేది ఫ్లోరైడ్ కాదు, అదే నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. గీజర్ రాడ్డుకు తెల్లగా గట్టిగా పొర కడుతుంది చూడు, అదే పొర రేడియేటర్ గొట్టాల్లో, హెడ్‌లోని నీటి దారుల్లో కడుతుంది. హెడ్ దించినప్పుడు ఆ దారులు చూపిస్తే కస్టమర్లు ఇది సున్నమా అని అడుగుతారు. సున్నమే అనుకో. దానిమీదుగా వేడి పోదు, ఒకచోట మాత్రం మాడుతుంది, అక్కడే హెడ్ గ్యాస్కెట్, అంటే బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే పొర తెగుతుంది.

కొన్నేళ్ల కింద మర్రిగూడ వైపు నుంచి ఒక రైతు బండి ట్రాక్టర్‌కి కట్టి తెచ్చారు. పై హోస్ పైపు పగిలి నీళ్లన్నీ పోయాయి. ఆయన చేనులో బోరు మోటారు నడుస్తోంది, బిందెడు చల్లటి నీళ్లు తెచ్చి మూత తీసి పోశాడు. ఇంజిన్ మాడిపోతున్నప్పుడు. ఆయన తప్పేమీ లేదు, ట్రాక్టర్‌కి అలాగే పోస్తాడు. ఈ హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు పట్టీలు) దూర్చి చూస్తే, రెండో సిలిండర్‌కీ మూడోదానికీ మధ్యలో 0.15 మిల్లీమీటర్ల పట్టీ ఏ అడ్డూ లేకుండా దూరిపోయింది. హోస్ పైపు ఖరీదు మూడొందలు. పని అయ్యేసరికి దానికి డెబ్బై రెట్లు అయింది.

కాబట్టి కొంటే నువ్వు మొదటి వారంలోనే చేయాల్సింది ఇది. ఉన్న నీళ్లన్నీ వంచేసి, రేడియేటర్ ఫ్లష్ చేయించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించు. బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది, దానికి పిసినారితనం చేయకు. మామూలు నీళ్లు వంద డిగ్రీలకు మరుగుతాయి, సగం కూలెంట్ కలిపితే 108 దగ్గర. మూత ఒత్తిడి కూడా కలిస్తే 125 దాటే దాకా మరగవు. అందుకే ఆ మూత రబ్బరు చూసుకోవాలి. మూత చాలా చవక, ఎవరూ మార్చరు. నీళ్లు పోశాక లోపల గాలి చిక్కుకుంటుంది. హీటర్ ఫుల్లు మీద పెట్టి, మూత తీసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడిపించి బుడగలు పోనిచ్చి, తగ్గినంత మళ్లీ పోయాలి. మే నెలలో హీటర్ వేయమంటే నవ్వుతారు, నవ్వనీ. మూత మాత్రం చల్లటి ఇంజిన్ మీదే తీయాలి.

ఇప్పుడు టైమింగ్ బెల్టు, అంటే క్రాంక్ షాఫ్ట్‌తో పాటు క్యామ్ షాఫ్ట్‌ని తిప్పే రబ్బరు బెల్టు. ఇది నీళ్ల కన్నా ప్రమాదం, ఎందుకంటే నీళ్లకు ముల్లు చెబుతుంది, బెల్టు ఏమీ చెప్పదు. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుంటాయి. లక్ష కిలోమీటర్లకు మార్చాలని లెక్క. బండి తిరక్కపోయినా ఆరేడేళ్లకు రబ్బరు ఎండిపోతుంది, మన ఎండల్లో ఐదేళ్లకే మారుస్తాను నేను. ఇది నాకు ఎలా తెలిసిందంటే, నా బండి నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు, అమ్మినాయన "బెల్టు పోయినేడే వేయించినా" అన్నాడు. బిల్లు అడగలేదు. మిస్త్రీని అయ్యుండి, కవరు విప్పి చూడలేదు, మన బండే కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను. చెప్పులు కుట్టేవాడి కాలికి చెప్పు ఉండదంటారు కదా. నాలుగు నెలల తర్వాత చిట్యాల దాటాక ఎనభైలో పోతుంటే, శబ్దం లేదు, కుదుపు లేదు, ఇంజిన్ ఆగిపోయింది. పక్కకు తీసి సెల్ఫ్ కొడితే జర్రున తిరిగింది, మామూలు కన్నా చాలా తేలిగ్గా. ఆ జర్రుమనడం వినగానే అర్థమైపోయింది. సిలిండర్‌లో గాలి నొక్కుకుంటే సెల్ఫ్‌కి బరువు తెలియాలి. బరువు లేదంటే వాల్వులు మూసుకోవడం లేదన్నమాట. విప్పితే పదహారు వాల్వుల్లో పదకొండు వంగాయి. నా షెడ్డులో నా బండి హెడ్ నేనే దించుకున్నాను, కుర్రాళ్లు నా మొహం చూడకుండా పని చేశారు.

నీ బండికి బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకో. బెల్టుతో పాటు వాటర్ పంపు కూడా మార్చించు. పంపుని తిప్పేది ఆ బెల్టే, రెండింటికీ పని ఒకటే, మళ్లీ విడిగా విప్పడం దండగ. క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే.

ఈ పని చేసేవాడిని ఎలా తెలుసుకోవాలో చెబుతాను. పక్కన నిలబడి చూడు. ఈ ఇంజిన్ చాలా ఇంజిన్లకు ఉల్టా తిరుగుతుంది, పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా. తెలియనివాడు మామూలు ఇంజిన్ అనుకుని కుడివైపు తిప్పుతాడు, బెల్టు వదులై పన్ను జారొచ్చు. తెలిసినవాడు ఎడమవైపే తిప్పుతాడు. బెల్టు ఎక్కించాక ఐదారు చుట్లు చేత్తో తిప్పి కూర్చోబెడతాడు. తర్వాత టెన్షనర్ (బెల్టుని బిగుతుగా పట్టే పుల్లీ) బోల్టు వదులు చేసి, క్యామ్ పుల్లీ మీద లెక్కపెట్టి సరిగ్గా మూడు పళ్లు ఎడమకు జరిపి, అక్కడ ఆపి బిగిస్తాడు. పుల్లీ మీద పైకి చూడమని ఒక గుర్తు ఉంటుంది, అది నిటారుగా పైకి ఉందో లేదో మళ్లీ చూస్తాడు. వేలితో పళ్లు లెక్కపెట్టేవాడు కనిపిస్తే బండి అతనికి అప్పజెప్పి టీకి పోవచ్చు. "అందాజగా బిగిస్తే సరిపోతది" అనేవాడైతే తాళాలు అడిగి తెచ్చుకో.

క్రాంక్ పుల్లీ బోల్టు మాత్రం ఎవరికైనా చెమటలు పట్టిస్తుంది, ఇంజిన్ తిరిగే దిక్కు వల్ల అది ఏళ్ల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది. సుత్తి, ఉలి పట్టుకుంటే ఆపు.

ఆయిల్ గురించి. ఫిల్టర్‌తో సహా పట్టేది మూడున్నర లీటర్ల లోపే. ఒక లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టు. ఈ వయసు ఇంజిన్ వెయ్యి కిలోమీటర్లకు కొద్దిగా తాగినా నేను పట్టించుకోను, కానీ గేజ్ చూడని ఓనర్‌ని మాత్రం క్షమించను. వారానికొకసారి, ఆదివారం పొద్దున అనుకో, గేజ్ తీసి తుడిచి చూడు. 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ పోయమని ఉంటుంది, మన ఎండాకాలానికి, ఇంత తిరిగిన ఇంజిన్‌కి 10డబ్ల్యూ-40 పోస్తాను నేను. ఐదు వేల కిలోమీటర్లకు మార్చేస్తాను. విటెక్ గొళ్లెం పడేది ఆ ఆయిల్‌తోనే అని మర్చిపోకు.

ఆయిల్ సంగతిలోనే ఇంకొకటి. సిటీ బాగా కిందికి ఉండే బండి, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లేమో కట్టినవాడి ఇష్టం. లిఫ్టు మీద ఎక్కించి ఆయిల్ చాంబర్ కింద చూడు. సొట్ట పడి ఉంటే లోపల ఆయిల్ పీల్చే జాలీకి ఆ సొట్ట ఆనుకుని ఉండొచ్చు. అప్పుడు గేజ్‌లో ఆయిల్ నిండుగా కనిపిస్తుంది, పైకి మాత్రం చాలినంత పోదు. పైన రేజ్ చేసినప్పుడు బేరింగులు పోతాయి. మీ మిస్త్రీ ఎక్కడైనా పట్టేసిన ఇంజిన్ చూసి ఉంటే అది ఇలాంటిదే అయ్యుంటుందని నా అనుమానం. నింద రేజింగ్ మీద పడింది.

నీలం పొగ అన్నావు. పొద్దున మొదటిసారి ఒక బుస్సుమని వచ్చి ఆగిపోతే అది వాల్వు సీళ్లు. రాత్రంతా నిలబడితే ఎండిపోయిన సీళ్ల గుండా చుక్క చుక్కగా ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున కాలుతుంది. ఇంత వయసుకు అది సహజం, ధర తగ్గించమనడానికి పనికొస్తుంది, భయపడటానికి కాదు. తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తే మాత్రం పిస్టన్ రింగులు, అది ఇంజిన్ పని. తెల్లటి పొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే నీళ్లు లోపలికి పోతున్నాయి, హెడ్ గ్యాస్కెట్, అక్కడితో బేరం ఆపు. రేడియేటర్ మూత లోపల, ఆయిల్ మూత లోపల వేలితో రాసి చూడు. చాయ్ రంగు మీగడ లాంటిది అంటితే అదీ గ్యాస్కెట్టే.

ఊహలతో కాకుండా సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్‌తో తేల్చుకో. వేడి ఇంజిన్, నాలుగు ప్లగ్గులూ విప్పి, పెట్రోల్ కట్ చేసి, ఎక్సలేటర్ కింద దాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టించాలి. ఎక్సలేటర్ తొక్కకుండా చూస్తే తక్కువ చూపిస్తుంది, అలా చూసి మంచి ఇంజిన్లను బోర్ పనికి పంపినవాళ్లు ఉన్నారు. 180 పీఎస్ఐ చుట్టుపక్కల రావాలి. 135 కిందికి పోతే ఇక పని ఉన్నట్టే. నాలుగింటి మధ్య తేడా 28 దాటకూడదు. 165, 168, 164, 167 వస్తే నాకు సంతోషం. 185, 184, 140, 183 వస్తే ఆ మూడోదానిలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు.

వాల్వు అనగానే ఇంకో ప్రశ్న వేయాలి: ఈ బండికి ఎప్పుడైనా గ్యాస్ కిట్ ఉండేదా? ఒకప్పుడు మన జిల్లాలో పెట్రోల్ బండ్లు చాలా వాటికి వంటింటి సిలిండర్ డిక్కీలో పెట్టి తిప్పారు. డిక్కీ తివాచీ ఎత్తి చూడు, రంధ్రాలు, పట్టీ గుర్తులు ఉంటే తెలిసిపోతుంది. గ్యాస్ మీద వాల్వు సీట్లు అరిగి వాల్వు లోపలికి కూర్చుంటుంది, టాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు) తగ్గిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, మాడిపోతుంది. చిత్రమేమిటంటే అలాంటి ఇంజిన్ చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. కొనేవాడు మురిసిపోతాడు. టాపెట్ కాస్త టిక్ టిక్ మంటే నాకు నిద్ర పడుతుంది, అసలు మోగకపోతేనే అనుమానం. చల్లటి ఇంజిన్ మీద గాలి వాల్వులకు 0.20, సైలెన్సర్ వాల్వులకు 0.25 మిల్లీమీటర్లు. నలభై వేలకొకసారి చూపించు. స్క్రూ, నట్టు, ఫిల్లర్ గేజ్, గంట పని.

రైస్‌మిల్లు వాళ్ల బండి అన్నావు కాబట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తప్పకుండా విప్పు. మిర్యాలగూడలో ఊక దుమ్ము ఏ మూలకైనా పోతుంది. ఫిల్టర్ మురికిగా ఉంటే పర్లేదు, మార్చేదే. ఫిల్టర్ దాటాక, ఇంజిన్ వైపు గొట్టం లోపల గుడ్డతో తుడిచి చూడు. అక్కడ దుమ్ము అంటితే ఆ ఇంజిన్ ఏళ్ల తరబడి ఇసుక కాగితం మింగినట్టే, లైనర్లు అరిగి ఉంటాయి. అక్కడ శుభ్రంగా ఉంటే బండిని చూసుకున్నవాళ్లే అని అర్థం.

కరెంటు వైపు ఈ ఇంజిన్‌కి రెండే బలహీనతలు. ఒకటి ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, కాయిలూ ఇగ్నైటరూ అన్నీ దాని లోపలే ఉంటాయి, వేడికి ఒక్కోసారి ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ స్టార్టవుతుంది. రెండోది డ్యాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే, పెట్రోల్ పంపుకి కరెంటు ఇచ్చేది అదే. ఆ కాలపు బండ్లలో ఇరవై ఏళ్ల ఎండకు దాని లోపల టంకం చీలుతుంది. మే నెల మధ్యాహ్నం బండి ఎండలో పెట్టి పెళ్లి భోజనానికి పోతావు, వచ్చి కొడితే సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు. నలుగురు తోస్తారు, ఎవడో ఫ్యూయల్ పంపు పోయిందంటాడు. అద్దాలన్నీ దించి పావుగంట నీడలో పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. తాళం మొదటి మెట్టు తిప్పగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు పంపు గుయ్‌మనాలి. ఎండలో ఉన్నప్పుడు ఆ గుయ్ వినపడకపోతే పంపు కొనకు, రిలే విప్పి టంకం మళ్లీ వేయించు. టీవీ రిపేరు చేసే కుర్రాడు చాలు, టీ డబ్బులతో అయిపోతుంది.

పెట్రోల్ గురించి నువ్వు అడగలేదు గానీ అడగాల్సింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోల్ కన్నా మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందని ముందే అనుకో. ఇంజిన్‌కి కొంపలేమీ మునగవు. పాత రబ్బరు పెట్రోల్ పైపులు మాత్రం ఉబ్బి చీలుతాయి, కొన్న నెలలోనే అన్నీ కొత్తవి వేయించు. ఇంజెక్టర్ల రింగులు కూడా. నెలల తరబడి ట్యాంకు నిండా పోసి నిలబెట్టకు, ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది.

ధర. బాడీకి తుప్పు లేకుండా, కంప్రెషన్ సమంగా ఉంటే 1.40 అన్యాయం కాదు, కానీ బెల్టు, పంపు, సీళ్లు, కూలెంట్, పైపులు కలిపి పాతికవేలు దాకా పక్కన పెట్టుకుని, ఆ పాతికా బేరంలో తగ్గించు. ఆర్సీ రెన్యువల్ అయిందా, ఎప్పటి దాకా ఉందో చూసుకో, పదిహేనేళ్లు ఎప్పుడో దాటింది. మీటరు 1,62,000 అన్నది నమ్మకు, నమ్మకపోకు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు అరుగుదల చూస్తే నీకే తెలుస్తుంది.

చూడ్డానికి పొద్దున్నే పో, ఏడు లోపు. నువ్వు వస్తున్నావని ముందుగా గంట చెప్పకు, పక్కవీధిలోకి వచ్చాక ఫోన్ చేయి. వెళ్లగానే మాటల్లో పడకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టు. చల్లగా ఉంటే సెల్ఫ్ కొట్టించి, నువ్వు మాత్రం సైలెన్సర్ వెనకాల నిలబడు. వెచ్చగా తగిలితే, పొగ రాకుండా ముందే ఒక రౌండు వేడి చేసి పెట్టారన్నమాట. ఏమీ అనకు, టీ తాగి, రేపు పొద్దున మళ్లీ వస్తానని చెప్పు.